కాగితానికి జ్వరం లేదు

గణపతిరావుకి దగ్గొస్తే తప్పు దుమ్ముది. తుమ్మొచ్చినా దుమ్ముదే. కళ్ళు మండినా, గొంతు గరగరలాడినా, ఆఖరికి అన్నం సయించకపోయినా ఆయన లెక్కలో దోషి ఒక్కటే. ముప్పై ఆరేళ్ళు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఫర్నేసుల ముందు నిలబడ్డ మనిషి మరి. ఖుర్సీపార్ బస్తీలో ఆయన సందులో సగంమంది అలాంటివాళ్ళే. పొద్దున్నే ఎవరింట్లో దగ్గు వినపడినా పక్కింటివాళ్ళు తలెత్తి చూడరు. "గర్దా" అనేసి, అంటే దుమ్మేలే అనేసి, టీ తాగుతారు. కర్మాగారం జీతమిచ్చింది, క్వార్టరిచ్చింది, పిల్లలకి బడి ఇచ్చింది, వాటితోపాటు ఛాతీలో కాస్త దుమ్ము కూడా ఇచ్చింది. అన్నీ తీసుకుని అదొక్కటీ వద్దంటే ఎలా?

అందుకని ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లోకి రిపోర్టు రాగానే గణపతిరావు వరండాలో కూర్చుని, సందులో వచ్చేపోయేవాళ్ళందరికీ వినపడేలా చదివాడు. ఫ్లూ నెగటివ్. కోవిడ్ నెగటివ్. చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడు. ఒళ్ళు కాలిపోతోంది. అయినా మొహంలో పెళ్ళికొడుకు కళ.

"నెగటివైతే ఆ దుప్పటెందుకు కప్పుకున్నారు?" అంది భార్య గౌరీదేవి గుమ్మంలోంచి.

"సలి. డిసెంబరు కాదేటి?"

ఆ కళకి కారణముంది. ఆదివారం ఆయన మనవరాలి బారసాల. కొడుకు మనోజ్‌కుమార్‌కీ కోడలు సుచిత్రకీ పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టిన పిల్ల. అదీ ఎనిమిదో నెలలోనే తొందరపడి వచ్చేసింది. రెండు కిలోలైనా తూగలేదు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి, సన్నటి గొట్టంతో పాలు పట్టి, ఎలాగో గండం గట్టెక్కించి, మొన్ననే తల్లితో సహా నందిని అనే ఊళ్ళో ఉన్న సుచిత్ర పుట్టింటికి పంపారు. అందరూ ముద్దుగా అమ్ము అంటున్నారు. అసలు పేరు ఇంకా పెట్టలేదు.

ఆ పేరు దగ్గరే వచ్చింది తంటా. గణపతిరావుకి తన తల్లి నూకమ్మ పేరు పెట్టాలని ఉంది. వియ్యంకుడు గురునాథరావుకి తన తల్లి భాగ్యరేఖ పేరు పెట్టాలని ఉంది. గురునాథరావు నందిని సున్నపురాయి గనుల్లో మందుగుండు పేల్చి పేల్చి రిటైరైనవాడు, మాట కూడా అలాగే పేలుతుంది. ఇద్దరూ ఫోన్లో వాదించుకున్నారు, చుట్టాల పెళ్ళిలో వాదించుకున్నారు, ఆసుపత్రి వరండాలో నర్సు కసిరేదాకా వాదించుకున్నారు. చివరికి గణపతిరావే ఒక షరతు పెట్టాడు. బారసాలనాడు పిల్లని ఒళ్ళోకి తీసుకుని చెవిలో పేరు ఎవరు చెబితే, ఆ పేరు వాళ్ళ ఇష్టం. ఇంకెవరూ నోరెత్తకూడదు. చెవిలో చెప్పే హక్కు తండ్రిని కన్న తండ్రిదని వాళ్ళ కులాచారం. కాబట్టి ఆ షరతులో తను ఓడిపోయే దారేదీ ఆయనకి కనపడలేదు.

"అలాగే బావగారూ, మాట మీద నిలబడండి" అన్నాడు గురునాథరావు, పళ్ళు కొరుక్కుంటూనే.

చెవిలో చెప్పడమంటే గణపతిరావు ఇంట్లో మొక్కుబడి వ్యవహారం కాదు. పేరు చెవిన పడితే చాలదనీ, చెప్పేవాళ్ళ ఊపిరి బిడ్డకి తగలాలనీ, అప్పుడే ఆయుష్షనీ నూకమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పేది. మనోజ్ పుట్టేనాటికి తాత లేకపోవడంతో ఆవిడే వాడి చెవికి పెదాలు ఆనించి మూడుసార్లు చెప్పింది. ఫోన్లో చెబితే ఊపిరెలా తగులుతుంది? అందుకే గణపతిరావు స్వయంగా నందిని వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు.

గౌరీదేవి నలభై ఏళ్ళుగా ఈ మనిషితో వేగుతోంది. రిపోర్టు పారాయణం ముగిసేదాకా ఓపిగ్గా ఆగి, శాలువా తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"పదండి, డాక్టరమ్మ దగ్గరికి."

"నెగటివొచ్చీసింది కదా. నాకేటి పని అక్కడ?"

"మీకు లేదులెండి. నాకుంది. రాత్రంతా మీ మూలుగు విని నాకు కునుకు లేదు. తోడు రండి."

తోడు రమ్మంటే రాననలేకపోయాడు.

మార్కెట్టు వెనక సందులో డాక్టర్ మధులత క్లినిక్. ఆమె బయటిదేం కాదు. గణపతిరావుతో కలిసి కర్మాగారంలో ఒకే విభాగంలో పనిచేసిన జగ్గయ్య కూతురు. విశ్వకర్మ పూజనాడు కర్మాగారం చూపిస్తామంటే గణపతిరావు భుజాలెక్కి వెళ్ళిన పిల్ల. ఇప్పుడు నలభై దాటింది, కళ్ళద్దాలొచ్చాయి, నోరు మాత్రం అప్పటిదే. ఆయన్ని చూస్తూనే సొరుగులోంచి మాస్కు తీసి చేతికిచ్చింది.

"ముందిది కట్టుకో బాబాయ్. తర్వాత మాటలు."

"దుమ్ముకి మాస్కేటమ్మా, ఇన్నాళ్ళూ లేంది." అంటూ కట్టుకుని, ఫోను ఆమె ముందు పెట్టాడు. "సదువుకో. రెండూ నెగటివే. మీ పిన్నికి తోడొచ్చాను, అంతే."

ఆమె ఫోను వైపు చూడలేదు. చెవిలో థర్మామీటరు పెట్టింది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. వెనక్కి తిప్పి వీపు మీద గొట్టం ఆనించి, ఊపిరి పీల్చు, వదులు, ఇంకా గట్టిగా, అని అయిదారుచోట్ల వింది. తర్వాత ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు మొదలైంది?"

"నిన్న సాయంత్రం. రేషన్ షాపు రేకుల కింద పేకాడుతుంటే. టీ గ్లాసు అందుకోబోయాను, ఒక్కసారిగా ఒణుకొచ్చీసింది. గ్లాసు పట్టలేకపోయాను."

"ఒళ్ళు నొప్పులు?"

"లారీ ఎక్కించినట్టుంది" అంది గౌరీదేవి, ఆయన నోరు తెరిచేలోపు.

"పేకలో ఇంకా ఎవరెవరికి జ్వరాలు?"

గణపతిరావు కిటికీ వైపు చూశాడు. పేకాటలో నలుగురు. ఒకాయన సోమవారం నుంచే రావడం లేదు. ఇంకొకాయన్ని బుధవారం ఆసుపత్రిలో చేర్చారు, ఫ్లూ అని తేలిందట. ఆ ముక్క గణపతిరావుకి నిన్ననే తెలుసు. తెలిసి, మింగేశాడు. ఇప్పుడు డాక్టరమ్మ అడిగితే కక్కక తప్పలేదు.

"బాబాయ్, దుమ్ము దగ్గు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. నీకుంది, నాకు తెలుసు, ప్రతి చలికాలం నేనే మందిస్తున్నాను. కానీ అది టీ గ్లాసు దగ్గర వేళ చూసుకుని రాదు. ఒణుకు తేదు. ఇది వేరే. పేకాటలో పక్కవాడి నోట్లోంచి నీ ముక్కులోకి వచ్చింది."

"రిపోర్టులో లేదు కదా మరి."

"కాగితానికి జ్వరం లేదు బాబాయ్. నీకుంది. నూట రెండు."

గౌరీదేవి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. గణపతిరావుకి ఒళ్ళు మండింది, అది జ్వరం వల్ల కాదు. ఉక్కు పని చేసినవాడికి ల్యాబు మాటంటే వేదం. ఫర్నేసులోంచి నమూనా తీసి పంపడం, ల్యాబువాళ్ళు సరే అంటే ఉక్కు దించడం, కాదంటే ఆగడం. ముప్పై ఆరేళ్ళూ ఆ పద్ధతే. ఇప్పుడీ జగ్గయ్య కూతురొచ్చి ల్యాబుదేముందిలే అంటే?

"శాంపిల్ ఎవరు తీశారు?" అంది మధులత.

"మన మహేశే. ఎంత బాగా తీశాడంటే, తీసినట్టు నాకు తెలీనే లేదు."

మధులత ఆయన వంక ఒక క్షణం చూసి, ఫోను తీసుకుని మహేశ్‌ని రమ్మంది. మహేశ్ ఆ పక్క సందులోని ల్యాబులో శాంపిళ్ళు తీస్తాడు. కుర్రాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ళ నాన్న గణపతిరావు చేతికింద పనిచేశాడు. గణపతిరావు వీధిలో నడిచొస్తుంటే మహేశ్ ఇప్పటికీ సైకిల్ దిగి నిలబడతాడు. వచ్చాడు, గణపతిరావుని చూశాడు, విషయం అర్థమై చెమటలు పట్టాయి.

"ఎంత లోపలికి పెట్టావు మహేశ్?"

"సచ్... నిజం చెప్పాలా దీదీ?" అన్నాడు. "పెద్నాన్న గారు కళ్ళెర్ర చేశారు. ఆయన ముక్కులో పుల్ల పెట్టడానికి నా చెయ్యి ఆడలేదు. అంచునే తిప్పి తీసేశాను."

అదీ సంగతి. ఈ ఊళ్ళో ఫర్నేసు పెద్ద ముక్కులో పుల్ల గుచ్చే మగాడు ఇంకా పుట్టలేదు. మర్యాదకి పోయి మహేశ్ వైరస్‌నీ మర్యాదగా వదిలేశాడు. గణపతిరావుకి ఆ మర్యాద చూసి గర్వపడాలో, పని చెడగొట్టినందుకు తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టడానికే మొగ్గాడు.

"నమూనా అలాగేనేట్రా తీస్తారు? పైన తేలిన చిట్టెం గీకి పంపిస్తే ల్యాబువోడు ఏటి సెప్తాడు? మీ నాయన ఇలాగే తీసేవోడా? ముంచాలి. అడుగుదాకా ముంచాలి. తియ్యి మళ్ళీ. ఇప్పుడే తియ్యి, నా ఎదట తియ్యి."

తీశాడు. ఈసారి దీదీ పక్కన నిలబడి దయ చూపించొద్దంది. గణపతిరావు కుర్చీ చేతులు పట్టుకుని బిగబట్టాడు. రెండు కళ్ళలోంచీ నీళ్ళు ధారగా కారాయి. నమూనా అంటే ఇదిరా అని ఆ నీళ్ళతోనే మెచ్చుకున్నాడు. కిట్టు బల్ల మీద పెట్టి నలుగురూ దాని చుట్టూ మూగారు, పొయ్యి మీద పాలు చూస్తున్నట్టు. ఒక గీత వచ్చింది. రెండో గీత కోసం చూశారు. చూస్తూనే ఉన్నారు.

రాలేదు. మళ్ళీ నెగటివే.

గణపతిరావు లేచి నిలబడ్డాడు. నిలబడితే తల తిరిగింది గాని, బయటపడనివ్వలేదు.

"ఇప్పుడేటంటావు? అడుగుదాకా ముంచి తీశాడు. రెండోసారీ పాసే. ఇంక నాను ఆదివారం నందిని ఎల్తాను, నా మనవరాలి సెవిలో పేరు సెప్తాను. నువ్వేదో దగ్గు సిరప్ రాసీ."

ఇక్కడ ఇంకో డాక్టరైతే కాస్త వెనక్కి తగ్గేది. మధులత తగ్గలేదు. సొరుగులోంచి మాత్రల డబ్బా తీసి, మీద పేరు రాసి, గౌరీదేవి చేతికిచ్చింది.

"పిన్నీ, పొద్దునొకటి, రాత్రొకటి, అయిదురోజులు. ఇప్పుడే ఒకటి వేసెయ్. ఇది ఫ్లూ మందు. మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది, అందుకే కాగితం కోసం ఆగను. ఆ కిట్టు పది మంది ఫ్లూ రోగుల్లో ముగ్గురు నలుగుర్ని పట్టుకోలేకపోవచ్చు. వచ్చిందంటే నమ్ముతాను. రాలేదంటే మాత్రం రోగిని చూస్తాను. ఛాతీలో నెమ్ము లేదు, అందుకని యాంటీబయాటిక్ ఇవ్వను, అడగొద్దు. ఆక్సిజన్ తొంభై అయిదుంది. తొంభై మూడుకి దిగినా, ఆయాసమొచ్చినా, ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి."

"పెద్ద టెస్టుంది కదా దీదీ," అన్నాడు మహేశ్, "రాయ్‌పూర్ పంపిస్తే..."

"సోమవారం వస్తుంది. వచ్చి అవునన్నా ఇదే మందు, కాదన్నా ఇదే మందు. ఒకవేళ ఇది ఫ్లూ కాక దాని అన్నదమ్ముల్లో ఇంకోటేదైనా కావచ్చు. పేరు నాకు తెలీదు, ఒప్పుకుంటాను. దాని పని తెలుసు. దగ్గులో, ఊపిరిలో పక్కవాళ్ళకి పాకుతుంది. పెద్దవాళ్ళని మంచాన పడేస్తుంది. నెల నిండని పిల్లనైతే..." ఆగింది. "బాబాయ్, నువ్వు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళకూడదు."

 నచ్చని మాట విన్నప్పుడు గణపతిరావు మీసం ఒక పక్కకి లేస్తుంది. మాస్కులో కూడా లేచింది.

మధులత కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"సరే, అది వదిలెయ్. ఎర్ర మచ్చ కథ ఒకసారి చెప్పు."

"ఇప్పుడా?" అని గౌరీదేవి తల పట్టుకుంది. ఆ కథ వినని పెళ్ళి ఖుర్సీపార్‌లో జరగలేదు. ఆవిడకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

కానీ అడిగితే ఊరుకునే మనిషా? గణపతిరావు మళ్ళీ కూర్చున్నాడు. జ్వరం సంగతి మరిచిపోయాడు. గొంతు సవరించుకున్నాడు, దగ్గొచ్చింది, దాన్ని పక్కకి నెట్టాడు.

"అది రాత్రి పాళీ. కరిగిన ఉక్కు నిండా పోసుకుని ఇనప గంగాళం క్రేను మీద పోతోంది. ఇల్లంత గంగాళం. దానికో కార్డుంటాది. లోపల ఇటుక ఎన్నిసార్లకి తట్టుకుంటాదో అందులో రాసుంటాది. ఆ వేళ కార్డులో ఇంకా బోలెడు ఆయుష్షుంది. కొలతలన్నీ ఠీక్. నాను తలెత్తి సూశాను. గంగాళం పొట్ట మీద అరిసెయ్యంత మేర ఎర్రగా కనబడింది. లోపల ఇటుక పల్చనైపోతే అలా కనబడతాది. ఈల ఊదాను. ఆపించీశాను. గుంతలోకి ఒంపించీశాను, ఉక్కంతా."

"కార్డు బాగుంది కదా అని ఎవరూ అనలేదా?"

"అనలేదేటి? నలుగురూ అన్నారు. నానేటన్నానో తెల్సా? ఉక్కుని మోసేది కార్డేట్రా, గంగాళ..."

అక్కడ ఆగిపోయాడు.

 బయట మార్కెట్లో కూరగాయలమ్మేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. మహేశ్ నేల చూపులు చూశాడు. గౌరీదేవి ఈ కథని వందోసారి కాదు, మొదటిసారి వింటున్నట్టు భర్త మొహంలోకి చూసింది.

"ఆ గంగాళం కింద ఎవరున్నారు బాబాయ్?" అంది మధులత.

"జగ్గయ్య" అన్నాడు మెల్లగా. "మీ నాయన. ఇంకా ముగ్గురు."

"నాకు అప్పుడు ఆరేళ్ళు. కార్డు బాగుందని నువ్వు వదిలేసుంటే నాకు నాన్న లేడు, ఈ చదువూ లేదు. ఇప్పుడు ఆ కింద అమ్ము ఉంది." కళ్ళద్దాలు పెట్టుకుంది. "నిన్ను నేను కట్టేసి ఆపలేను. ఈల నీ చేతిలోనే ఉంది. ఇంటికెళ్ళి పడుకో. పిన్నీ, నువ్వు వేరే గదిలో పడుకో."

శనివారమంతా గణపతిరావు మాత్ర వేసుకోవడం, గంజి తాగడం, చెమటలు పోసి బనీను మార్చుకోవడం, మళ్ళీ పడుకోవడం. గౌరీదేవి వేరే గదిలో పడుకుందే గాని ఒక్క గంట స్థిమితంగా ఉండలేదు. ఆదివారం తెల్లారేసరికి జ్వరం జారింది. ఒళ్ళు తేలికైంది. ఆకలి కూడా వేసింది. మనిషికి ఆకలి వేసిందంటే ధైర్యం వచ్చినట్టే. ధైర్యంతోపాటు పాత బుద్ధీ వచ్చింది. జ్వరం లేదు, రిపోర్టు నెగటివ్, రెండుసార్లు నెగటివ్. డాక్టరమ్మకి కూడా పేరు తెలీదని ఆమే ఒప్పుకుంది. మాస్కు కట్టుకుని వెళ్ళి, ఆ ఒక్క క్షణం తీసి, చెవిలో చెప్పి వచ్చేస్తే ఏటవుతాది?

పట్టుపంచె కట్టాడు. మనోజ్ రిసాలి నుంచి కారు తెచ్చి సందు మొగలో నిలబెట్టి "పాపా, చలేఁ? బయల్దేరదామా?" అని ఫోన్ చేశాడు. గణపతిరావు వస్తున్నానన్నాడు. గౌరీదేవి మాత్రం చీర కూడా మార్చుకోలేదు. తలనొప్పిగా ఉందని మంచం మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది.

గోడ అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు. ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట కదా, ఒకసారి సరిచూసుకుందామనిపించింది. అద్దానికి మొహం దగ్గరగా పెట్టాడు. ఇంకా దగ్గరగా, చిన్న చెవికి ఎంత దగ్గరగా పెట్టాలో అంత దగ్గరగా. "నూకమ్మ" అన్నాడు మెల్లగా. అద్దం మీద గుండ్రంగా ఆవిరి పట్టింది. రెండోసారి అనబోయేసరికి దగ్గొచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఆవిరి మీద సన్నటి తుంపరలు పడి అద్దం కిందికి కారాయి.

గణపతిరావు ఆ తుంపరల వంక చూస్తూ నిలబడిపోయాడు. అమ్మ చెప్పిన ఊపిరి ఇదే. రెండు కిలోల పిల్ల ముక్కు దగ్గర, నోటి దగ్గర పడేది ఇదే. భయం వేసింది. ఫర్నేసు ముందు కూడా ఎన్నడూ వెయ్యని భయం. మంచం అంచున కూర్చుని, మనోజ్‌ని ఒక్కడినే బయల్దేరమని చెప్పి, తర్వాత గురునాథరావుకి ఫోన్ చేశాడు.

"బావగారూ, నాను రాను."

అవతల సన్నాయి వినపడుతోంది. 

"ఇదేటి బావగారూ? రిపోర్టు నెగటివే అని మనోజ్ సెప్పాడు. దుమ్ము దగ్గుకి ఇంత రబస ఏటి? రండి, అందరూ మీ కోసం సూస్తున్నారు."

ఆహా, ఎంత మంచి మాట. ఎన్నడూ తీపి మాట అనని మనిషి, తీరా ఈరోజే రమ్మంటున్నాడు. ఒక్క 'సరే' అంటే చాలు. గణపతిరావు కళ్ళు మూసుకున్నాడు.

"రిపోర్టు సంగతి నాకు తెల్దు. నా ఒంట్లో బాలేదు. నా ఊపిరి పిల్లకి తగలకూడదు. మీరే కూర్చోండి. మీరే సెప్పండి."

"ఏ పేరు సెప్పమంటారు?"

గొంతులో నూకమ్మ అనే మాట సిద్ధంగా ఉంది. అడగొచ్చు. బతిమాలొచ్చు. కానీ షరతు పెట్టింది ఎవరు? మాట మీద నిలబడమని అవతలివాడు అప్పుడే అన్నాడు కదా.

"సెప్పేవోడి ఇష్టం" అన్నాడు. "అలాగే కదా అనుకున్నాం."

గురునాథరావు మర్యాదకైనా వద్దనలేదు. గంట తర్వాత మనోజ్ ఫోన్ చేసి, బారసాల బాగా జరిగిందని, పేరు భాగ్యరేఖ అని చెప్పాడు. గణపతిరావు మంచిదన్నాడు. ఫోను పెట్టేసి పట్టుపంచె విప్పి మడత పెట్టాడు. వియ్యంకుణ్ణి తిట్టుకున్నాడు, మధులతని తిట్టుకున్నాడు, ఆ పేకాటవాణ్ణి తల్లి కడుపు నుంచీ తిట్టుకున్నాడు. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చాడు. అమ్మ పేరు ఇంక ఆ ఇంట్లో ఎవరూ పిలవరు.

మధ్యాహ్నం అన్నాలవేళకి గౌరీదేవి కంచం దించబోయి గోడ పట్టుకుంది. ఒళ్ళు పట్టి చూశాడు. పెనంలా కాలుతోంది. పొద్దున తలనొప్పి అంది, అదేమిటో తను పట్టించుకోలేదు. అదే నందిని వెళ్ళుంటే ఈపాటికి ఈమె ఒళ్ళో ఆ పిల్ల ఉండేది. ఎత్తుకుని ముద్దులాడకుండా ఉండగలదా? ఒక్కరు కాదు, ఇద్దరు కలిసి ఆ పసిదాని మీద ఊపిరి వదిలేవాళ్ళు. 

మధులతకి ఫోన్ చేశాడు. ఆమె రెండు ప్రశ్నలడిగి అవే మాత్రలు ఆవిడకీ మొదలుపెట్టమంది. సాయంత్రం మహేశ్ కిట్టు పట్టుకుని వచ్చేసరికి ఆవిడకి మొదటి మాత్ర పడింది, గణపతిరావే తడిగుడ్డ వేశాడు, కిటికీలు తెరిచాడు. మహేశ్ ఈసారి చెప్పకుండానే అడుగుదాకా ముంచి తీశాడు.

అర్ధగంటకి బయటికొచ్చి "పెద్నాన్నా, పెద్దమ్మకీ..." అని మొదలుపెట్టాడు.

"అది డాక్టరమ్మకి సెప్పుకో. నాకెందుకు?" అని గణపతిరావు గంజి కలుపుకోవడానికి లోపలికెళ్ళిపోయాడు.

గౌరీదేవి లేచి తిరగడానికి వారం పట్టింది. ఆ తర్వాత కూడా ఇద్దరి దగ్గూ పూర్తిగా తగ్గిందనేదాకా మధులత వదల్లేదు. ఆమె ఇంక వెళ్ళొచ్చనేసరికి సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది.

నందినిలో గురునాథరావు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. భోజనాలయ్యాయి, తాంబూలాలయ్యాయి. సుచిత్ర పిల్లని తెచ్చి మామగారి ఒళ్ళో పెట్టింది. బుగ్గలొచ్చాయి. కాళ్ళు విదిలిస్తోంది. గణపతిరావు మోకాళ్ళు కదపకుండా, ఊపిరి కూడా సగమే తీస్తూ కూర్చున్నాడు.

గురునాథరావు ఉండబట్టలేకపోయాడు.

"నిజం సెప్పండి బావగారూ. మీకు రెండుసార్లు నెగటివే. సెల్లెమ్మకీ నెగటివేనట. అది జ్వరమో దుమ్మో ఇప్పటికీ తేలనేలేదు. అనవసరంగా మీ అమ్మ పేరు పోగొట్టుకున్నారు."

సుచిత్ర తండ్రి వంక కోపంగా చూసింది. గణపతిరావుకి కోపం రాలేదు. పిల్ల ఆయన చూపుడువేలు పట్టుకుంది, వదలడం లేదు. దాని పొట్ట లేచి పడుతోంది, లేచి పడుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"మా అమ్మ ఉంటే ఈ మాటకి మిమ్మల్ని సీపురు తిరగేసి కొట్టును" అన్నాడు. "పేరుదేముందండి. పిలిస్తే పలకడానికి పిల్లుంది."

వంగాడు. 

"భాగ్యరేఖా" అని పిలిచాడు.